బోటు ఫైల్లో నా కాన్పు కాయితం

రెండోసారి కడుపుతో ఉన్నానని తెలిసిన రోజే మా ఆయనకి చెప్పేశాను, "ఈసారి నానే కంటాను" అని. ఆయన అప్పుడే స్టీల్ ప్లాంటులో ఎ షిఫ్టు దిగి వచ్చి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"కను. నాను కాదంటానేటి?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఉక్కునగరంలో మా సెక్టారంతటికీ తెలుసు. కానీ ఆ రోజు కోపం ఆయన మీద కాదు. ఆయనకి నా బాధ తెలీదు, నేనెప్పుడూ చెప్పలేదు.

మొదటిది పుట్టి అప్పటికి మూడేళ్ళు దాటింది. నెలలు నిండినా అది తల కిందికి తిప్పలేదు. కాళ్ళు కిందికి పెట్టుకుని హాయిగా కూర్చుంది. ఆపరేషన్ చేసి తీశారు. తల్లీ పిల్లా క్షేమం. అందరూ సంతోషించారు. నేనూ సంతోషంగానే ఉన్నాను, మా అమ్మ ఆ మాట అనేదాకా.

మా అమ్మ ఫిషింగ్ హార్బర్లో చేపలమ్ముతుంది. తెల్లారకముందే వేలంపాట దగ్గర నిలబడి, నలుగురు మగాళ్ళ మధ్య గొంతెత్తి బుట్టలు పాడుకునే మనిషి. నలుగురు పిల్లల్ని ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద కంది. నేను ఆపరేషనై పుట్టింటికొచ్చిన వారానికి చుట్టాలావిడ ఒకావిడ పిల్లని చూడ్డానికొచ్చి, "నొప్పులు బాగా పడ్డాదేటి మీ గుంట?" అని అడిగింది.

"దానికి నొప్పులెక్కడివే? అదేటి కన్నాదా? డాక్టరమ్మ కోసి, తీసి, సేతికిచ్చినాది," అంది మా అమ్మ. అని పకపకా నవ్వింది.

హాస్యానికే అంది. మా అమ్మ నోటికి బ్రేకుల్లేవు. కానీ పక్కగదిలో పొట్ట పట్టుకుని, మంచం దిగడానికి గోడ వెతుక్కుంటున్న నాకు ఆ మాట వినపడింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా అదే ప్రశ్న నా వెంట పడింది. కూరగాయల బండి దగ్గర, నేను లెక్కలు చెప్పే స్కూల్లో స్టాఫ్ రూములో, బస్సులో పక్క సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలీని ఆవిడ కూడా, "నార్మలా, ఆపరేషనా?" ఆపరేషన్ అనగానే "అయ్యో" అనేవాళ్ళు. ఆ "అయ్యో" విన్నప్పుడల్లా నాకు మా అమ్మ నవ్వు వినపడేది. ఏదో పరీక్షలో చూచిరాత రాసి పాసైనదాన్ని అన్నట్టుండేది నాకు.

అందుకే ఈసారి నేనే కనాలి. పంతమే. కాదనను.

గాజువాకలో నేను చూపించుకునే డాక్టరమ్మ మితంగా మాట్లాడే మనిషి. నా సంగతంతా విని, "ప్రయత్నించొచ్చు," అంది. ఆ ఒక్క ముక్కకే నేను కుర్చీలోంచి లేవబోయాను. "కూర్చో, పూర్తిగా విను. నొప్పులు వాటంతటవే రావాలి, నేను మందులిచ్చి తెప్పించను. పాత కుట్టు విడిపోయే ప్రమాదం కొంచెమైనా ఉంటుంది. అందుకని నొప్పి మొదలవగానే వచ్చెయ్యాలి. థియేటరు సిద్ధంగా ఉంచుకునే నిన్ను లోపలికి తీసుకుంటాను. అన్నిటికంటే ముందు, మొదటి ఆపరేషన్ కాయితం నాకు కావాలి."

"కోత అడ్డంగానే ఉందమ్మా," అన్నాను పొట్ట మీద చెయ్యి వేసుకుని.

"అది పైన చర్మం మీద. లోపల గర్భసంచి మీద ఎలా కోశారో ఆ కాయితంలో రాసుంటుంది. కింద అడ్డంగా కోసుంటే సరే. నిలువుగా కోసుంటే ఒప్పుకోను. కాయితమే లేకపోతే నీ తరఫున నేను జూదం ఆడను, ఆపరేషనే."

మొదటి కాన్పు జరిగిన చిన్న నర్సింగ్ హోమ్ ఎప్పుడో ఎత్తేశారు. ఆ మేడలో ఇప్పుడు టైల్స్ అమ్ముతున్నారు. కాబట్టి ప్రపంచం మొత్తమ్మీద ఆ కాయితం ఉన్నది ఒక్క చోటే, మా అమ్మ డబ్బాలో.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. సముద్రం పక్కన కాయితం బతకదు. ఉప్పుగాలికి ఏడాదికే మెత్తబడి, మడత దగ్గర చిరిగిపోతుంది. అందుకని మా వాళ్ళు విలువైన కాయితాలన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి, మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో పెడతారు. మా ఇంట్లో ఉన్నది ఒకటే డబ్బా. అందులో రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, నాన్న బోటు లైసెన్సు, మా పెళ్ళి ఫొటో ఒకటి, మొదటి పురుడు పుట్టింట్లోనే పోసుకున్నాను కనక నా ఆస్పత్రి ఫైలు. నా ఫైలూ ఆకుపచ్చదే, బోటు ఫైలూ ఆకుపచ్చదే. మా అమ్మకి చదువు రాదు.

ఏప్రిల్ నడిమిలో వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే రోజులు కదా, రెండు నెలలు మర బోట్లన్నీ హార్బర్లో ఒకదాన్నొకటి ఆనుకుని కదలకుండా నిలబడతాయి. మగాళ్ళు వలలు అల్లుకుంటారు, బోటు కాయితాలు కొత్తవి చేయించుకుంటారు. రెండో పురుడు అత్తింట్లో పోయాలి గానీ మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో ఊరు కదల్లేని పరిస్థితి. అందుకని మా అమ్మే బట్టల మూటతో మా క్వార్టరుకి దిగింది.

"సేపలకి గవర్నమెంటోలు పురిటి సెలవిచ్చినారు. నా కూతురికి నానియ్యాలి కదేటి," అంది గుమ్మంలోనే, ఎదురింటి వాళ్ళకి కూడా వినపడేలా.

"డబ్బా తెచ్చావా?" అన్నాను.

తెచ్చింది. నేల మీద కూర్చుని ఇద్దరం విప్పాం. ఆకుపచ్చ ఫైలు ఒకటే ఉంది. తెరిస్తే బోటు పొడుగు, వెడల్పు, ఇంజను నంబరు. రెండు ఫైళ్ళలో బోటుకి సంబంధించింది ఏజెంటుకి ఇవ్వాలి, మా అమ్మ నాది ఇచ్చేసింది. ఎటు చూసినా ఒకేలా ఉన్నాయి, రెండింటి మీదా గుండ్రటి సీలుంది, పాపం తనకేం తెలుస్తుంది? కాయితాలు చేయించే ఆ ఏజెంటు హార్బర్ రోడ్డులో జిరాక్స్ షాపు పెట్టుకుని, నిషేధం రోజుల్లో అందరి ఫైళ్ళూ పోగేసి ఒకేసారి పట్టుకెళ్తాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. బోటు లైసెన్సు కోసం నా కడుపు కోత కాయితం పెట్టావా అమ్మా అని పడీపడీ నవ్వాను. మా ఆయనైతే, "ఇంజను ఎన్ని హార్స్ పవరని రాసుంటారో," అన్నాడు. మా అమ్మ కూడా నవ్వి, రేపే ఎల్లి తెత్తానంది.

మర్నాడు వెళ్ళింది. ఉత్త చేతులతో వచ్చింది. "ఆ కుప్పలో దొరకనేదే. ఎతుకుతానన్నాడు." మూడు రోజులాగి మళ్ళీ వెళ్ళింది. "నేదంటన్నాడు. ఎక్కడో కలిసిపోనాదంట. పోనీలే, ఆపరేషనే సేయించుకో. ఒకపాలి కోసిన సోటే కదా, మళ్ళీ కొత్తగా పోయేదేటున్నాది?"

పది రోజులు ఇదే పాట. ఎనిమిదో నెల దాటింది. డాక్టరమ్మ చూసినప్పుడల్లా బిడ్డ తల కిందికే ఉంది, బుద్ధిగా ఉంది, నీ బీపీ బాగుంది అంటుంది, చివర్న "కాయితం?" అంటుంది. బిడ్డ దాని పని అది చేస్తోంది, నా శరీరం దాని పని అది చేస్తోంది, ఒక ఆకుపచ్చ ఫైలు దగ్గర అన్నీ ఆగిపోయాయి. రాత్రిళ్ళు కాదు, పట్టపగలే ఏడుపొచ్చేది.

ఒక రోజు చెకప్‌కి వెళ్తున్నానని మా అమ్మకి అబద్ధం చెప్పి, పిల్లని తనకి అప్పగించి బయల్దేరాను. గాజువాకలో బస్సు మారి, పాతపోస్టాఫీసు దగ్గర దిగి, షేర్ ఆటో ఎక్కాను. ఆటోలో ముగ్గురు జరిగి నాకు చోటిచ్చారు, ఒకాయనైతే భయపడి డ్రైవరు పక్కకెళ్ళి కూర్చున్నాడు. హార్బర్ రోడ్డులో తట్టుకోలేనంత ఎండ. వలల మీద పిల్లులు పడుకుని ఉన్నాయి. వేట లేకపోయినా వాసన మాత్రం అలాగే ఉంది, చిన్నప్పటి నుంచీ నాకిష్టమైన వాసన.

ఏజెంటు ముసలాయన, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు. నన్ను, నా పొట్టనీ చూసి స్టూలు వేశాడు. ఫైలు సంగతి చెప్పాను.

"అదా! నా దగ్గరే ఉందమ్మా," అని సొరుగు లాగి తీసిచ్చాడు. అంతే. సొరుగులోంచి. "బోటు కాయితాలని ఇప్పితే ఆడశిశువు, రెండు కిలోల ఎనిమిది వందలు అని ఉన్నాది. మా ఆడది, నాను ఇద్దరం తెగ నవ్వుకున్నాం. మీ అమ్మొచ్చిన మొదటి రోజే ఇచ్చీబోయాను. ఇక్కడే ఉండనీ అన్నయ్యా, కాన్పయ్యాక పట్టికెల్తానన్నాది."

ఇంకోసారి చెప్పించుకున్నాను. అదే మాట.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఫైలు గుండెకి ఆనించుకుని కూర్చున్నాను. చదివాను. నాకర్థమయ్యేంత ఇంగ్లీషే ఉంది. లోపలి కోత కింద, అడ్డంగా. రెండు పొరల కుట్టు. డాక్టరమ్మకి కావలసింది అక్షరాలా అదే. సంతోషం పట్టలేకపోవాల్సింది. కానీ నేను దారి పొడుగునా మా అమ్మని ఏమేం అనాలో వరసపెట్టి కూర్చుకుంటూ వచ్చాను.

గుమ్మంలో చెప్పులు విడవకుండానే ఫైలు ఆవిడ ఒళ్ళోకి గిరాటేశాను. "దొరకనేదన్నావ్?"

మా అమ్మ ఫైలు చూసింది. మొహం దించుకుంది. అది నేను ఎప్పుడూ చూడని పని, మా అమ్మ మొహం దించుకోవడం.

"ఏటి నీ ఉద్దేశం? నాను కనలేదని నలుగురికీ సెప్పుకుని నవ్వినావు. ఇప్పుడు కంటానంటే కననియ్యవు. నీకేటి కావాలే అమ్మా?" అని అరిచాను. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. తెరుచుకోనీ అనుకున్నాను.

"ఎప్పుడు నవ్వినాను?"

చెప్పాను. చుట్టాలావిడ, పక్కగది, ఆ మాట, ఆ నవ్వు. నాలుగేళ్ళుగా లోపల దాచుకున్నదంతా ఒక్క గుక్కలో కక్కేశాను. మా అమ్మకి ఆ మాట గుర్తే లేదు. అది మరీ మంటెత్తించింది.

ఫైలు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత చిన్నగా అంది. "నాను నవ్వుతానే. బోటు రావలసిన యేళకి రాపోతే ఒడ్డున నిలబడి అందరికంటే గట్టిగా నవ్వేది నానే. అడుగు మీ నాన్నని. ఆ రోజు నిన్ను లోపలికి తీసుకెల్లి తలుపేసీసినారు. నాను నలుగుర్ని కన్నాను, ఒక్కసారీ భయపడనేదు. ఆ తలుపు కాడ మాత్రం నాకు కాళ్ళాడనేదు. ఆపరేషనంటే నీకేటి తెలుసు, నువ్వు పడుకున్నావు, నాను నిలబడ్డాను. ఒకపాలి బతికి బైటికొచ్చినావు. అదే దారంటే మళ్ళీ వత్తావని నా నమ్మకం. ఈ కొత్తదారిలో కుట్టిడిపోద్దని ఆ డాక్టరమ్మే సెప్పినాదని మీ ఆయనన్నాడు. అందుకే దాసినాను. కొట్టు, తిట్టు, నీ ఇట్టం."

నేను కొట్టలేదు, తిట్టలేదు. అలాగని కరిగిపోనూ లేదు. "రేపు నాతో డాక్టరమ్మ దగ్గరికి రా. ఏటడగాలో అన్నీ ఆవిడ్నే అడుగు," అన్నాను కటువుగా.

వచ్చింది. డాక్టరమ్మని హార్బర్లో బేరమాడినట్టు అడిగింది. కుట్టు విడిపోతే ఎంతసేపట్లో తెలుస్తుంది, తెలిస్తే ఏం చేస్తావు, మత్తు డాక్టరు ఆ రోజు సినిమాకెళ్తే ఏం చేస్తావు. డాక్టరమ్మ ఒక్కదానికీ విసుక్కోలేదు. ఫైలు రెండుసార్లు చదివి, నా వైపు చూసి, "నొప్పుల కోసం చూద్దాం," అంది. చివర్న మా అమ్మతో, "లోపలికి ఒక ఆడమనిషిని రానిస్తాం. నువ్వు రా," అంది. మా అమ్మ బయటికొచ్చి బెంచీ మీద కూలబడి మంచినీళ్ళు అడిగింది.

ఇక ఎదురుచూపులు. డాక్టరమ్మ చెప్పిన తేదీ వచ్చింది, వెళ్ళింది. ఇంకో అయిదు రోజులు చూస్తాను, రాకపోతే ఆపరేషన్ అంది. నాలుగు రోజులూ సెక్టారు రోడ్ల మీద పొద్దునా సాయంత్రం నడిచాను, ఒక పక్క మా అమ్మ, ఇంకో పక్క మా పెద్దది. ఎదురైన ప్రతివాళ్ళూ "ఇంకా అవలేదేటి?" అంటారు. అయితే ఇలా రోడ్డు మీద తిరుగుతానా? ఒకావిడకి ఆ మాట అనేశాను కూడా. మా అమ్మకి నవ్వాగలేదు.

అయిదో రోజు పొద్దున్న, మా ఆయన సి షిఫ్టు దిగి ఇంటికొచ్చే వేళకి నడుంలో పట్టేసింది. వదిలింది. పన్నెండు నిమిషాలకి మళ్ళీ. నేను గోడ పట్టుకుని నవ్వుతున్నాను. "వచ్చీసినాయి! వాటంతటవే వచ్చీసినాయి!" అని పండగొచ్చినట్టు అరిచాను.

మా ఆయన ప్లాంటులో షిఫ్టు లాగ్‌బుక్ రాసే మనిషి. ఆటో వచ్చేలోగా ఒక నోట్‌బుక్కు తీసి, గీతలు గీసి, నొప్పుల టైములు రాయడం మొదలెట్టాడు. పెద్దదాన్ని ఎదురింట్లో దింపి ఆటో ఎక్కాం. షిఫ్టు బస్సులు, లారీలతో, స్కూళ్ళకి సెలవులైనా గాజువాక జంక్షను ఎప్పటిలాగే ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆయన వాచీ చూసి రాస్తున్నాడు. నేను ఆయన చెయ్యి పిసికేస్తున్నాను, అక్షరాలు వంకరపోతున్నాయి.

డాక్టరమ్మ ఆ పుస్తకం అందుకుని చదివి, జీవితంలో మొదటిసారేమో, గట్టిగా నవ్వింది. "ఏడూ పది, నొప్పి, నలభై సెకన్లు, పరిస్థితి సాధారణం. ఏడూ ఇరవై, నొప్పి, యాభై సెకన్లు, పరిస్థితి సాధారణం. ఏడూ ఇరవై తొమ్మిది, నొప్పి, ఆపరేటర్ కోపంగా ఉన్నారు."

ఆయన్ని బయట ఉంచి, నన్నూ మా అమ్మనీ లోపలికి తీసుకున్నారు. చేతికి సూది పెట్టారు, పొట్టకి బెల్టు కట్టారు. బిడ్డ గుండె చప్పుడు గదంతా వినపడింది, టకటకటకమని.

"బోటింజను నాగే ఉన్నాదే," అంది మా అమ్మ.

మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. బాగానే అంటే, అమ్మోయ్, నేను అనుకున్నట్టు లేదు. నొప్పులు కావాలి కావాలని నాలుగేళ్ళు కోరుకున్నదాన్ని, వాటిని మొహం మీదే తిట్టాను. నర్సుని తిట్టాను. మా ఆయన్ని, ఆయన లాగ్‌బుక్కునీ తిట్టాను. మా అమ్మ నడుం రాస్తూ, "తిట్టు, తిట్టు, నోరున్నది అందుకే," అంటోంది. నొప్పికీ నొప్పికీ మధ్య మాత్రం నాకు ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. ఇది నాకు జరుగుతోంది, నేనే చేస్తున్నాను అనుకుంటూ ఆ రెండు నిమిషాలూ పైకప్పు చూసి నవ్వుకునేదాన్ని.

మూడు దాటాక ఒక నొప్పి మధ్యలో మా అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఇంజను దిగిపోతన్నాది," అంది. నాకేమీ అర్థం కాలేదు. "ఓలమ్మా నర్సమ్మా, బేగి రా! సప్పుడు దిగిపోతన్నాది!" అని హార్బర్ గొంతుతో కేక పెట్టింది. నర్సు అప్పుడు విని పరిగెత్తుకొచ్చింది. వెనకే డాక్టరమ్మ. నన్ను ఎడమ పక్కకి తిప్పారు, మొహానికి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. టక... టక... మధ్య మధ్యలో ఖాళీ. థియేటరు లైట్లు వెయ్యమని ఎవరికో చెప్పడం వినపడింది. డాక్టరమ్మ వంగి, "కొద్ది నిమిషాలు చూస్తాను. పుంజుకోకపోతే తీసేస్తాను," అంది.

నాలుగేళ్ళ పంతం ఎక్కడికి పోయిందో నాకు తెలీదు. "చూడొద్దు, ఇప్పుడే కొయ్యండి. బిడ్డ బాగుంటే చాలు. నాకింకేమీ వద్దు," అన్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ అన్నాను. ఆ మాట నేను మనస్ఫూర్తిగా అన్నాను. ఇప్పటికీ దానికి నేను సిగ్గుపడను.

"ఆగవే. ఇను," అంది మా అమ్మ.

టక, టక, టకటక. ఖాళీలు పూడిపోయాయి. మళ్ళీ అదే పరుగు. డాక్టరమ్మ చేత్తో చూసి, "ఇంకేం కోస్తాను, తల ఇక్కడే ఉంది. ముక్కు," అంది.

ముక్కాను. అరగంటో, ఇంకా ఎక్కువో. మా అమ్మ నా తల దగ్గర ఉండాల్సిన మనిషి, ఎప్పుడు వెళ్ళిందో కాళ్ళ వైపుకి వెళ్ళి, డాక్టరమ్మ భుజం మీంచి తొంగి చూస్తూ, వల లాగేటప్పుడు మగాళ్ళకి చెప్పినట్టు "ఇంకొక్క పట్టు! ఇంకొక్క పట్టు!" అని అరుస్తోంది. నర్సు కూడా అదే అనడం మొదలెట్టింది. నాలుగుంపావుకి బిడ్డ పుట్టింది. వెచ్చగా, తడిగా, గుక్కపట్టి ఏడుస్తూ నా గుండెల మీద పడింది. ఆడపిల్ల. మూడు కిలోల పైన.

నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. కుట్లు తప్పలేదు, అవి వేస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాను. ఏడ్చింది మా అమ్మ. "ఓలమ్మో, నలుగుర్ని కన్నాను గానీ ఒక్కలు పుట్టడం సూడనేదే. ఇలగుంటాదేటి!" అని ముక్కు చీదుకుంటూ నర్సుని కావలించుకుంది.

రెండు గంటల్లో నేను లేచి నా కాళ్ళ మీద బాత్రూముకి వెళ్ళాను. అందరికీ ఫోన్లు చేశాను. "నార్మల్!" అని గొంతు చించుకుని చెప్పాను. బస్సులో అడిగిన ఆ ఆవిడ ఎక్కడుందో తెలిస్తే ఆవిడకి కూడా చేసేదాన్ని.

మర్నాడు మా ఆయన పెద్దదాన్ని తీసుకొచ్చాడు. అది మంచమెక్కి, చెల్లి వేళ్ళు విప్పి చూసి, మూసి, మళ్ళీ విప్పి చూస్తోంది. వార్డులో మా అమ్మ అప్పటికి ఏడో ఎనిమిదో సారి కథ చెబుతోంది, పక్కమంచం ఆవిడకి, ఆవిడ అత్తకి, టీ తెచ్చినతనికి. మా ఇళ్ళల్లో ప్రతి బిడ్డకీ ఒక పుట్టిన కథ ఉంటుంది. నాది తుపాను గాలిలో, మంత్రసాని మోకాలి లోతు నీళ్ళలో నడిచొచ్చిన కథ. మా అన్నలవి కూడా నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు ఈ చిన్నదానిది తయారవుతోంది, ఒక్కోసారికి కొంచెం పెరుగుతూ.

పెద్దది అంతా నోరు తెరుచుకుని వింది. తర్వాత అడిగింది. "అమ్మమ్మా, మరి నా కథ?"

దానికి కథ లేదు. నాలుగేళ్ళలో ఎవరూ చెప్పలేదు, నేను కూడా. నా నవ్వు అప్పుడు పోయింది. ఎవరి మీదా కాదు, నా మీదే కోపం వచ్చింది.

"నీ కథా?" అంది మా అమ్మ. దాన్ని ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "నీది సానా పెద్ద కథ. నువ్వు కాళ్ళు కిందికెట్టి కూకున్నావు, ఎంత మంది బతిమాలినా తిరగవు. మీ అమ్మని సెక్రాల మంచం మీద తీసుకెల్లినారు. నాను ఏడుత్తన్నానని అదే నాకు ధైర్నం సెప్పి, నా సెయ్యిడిసి లోపలికెల్లినాది. కడుపు కోయించుకుని నిన్ను కన్నాది. నీకు పసిరికలని, ఒల్లంతా పచ్చగైపోనాదని రెండో నాడు పై అంతస్తులో లైటు కింద ఎట్టినారు. పాలకి గుంటని నాను తెత్తాను, నువ్వు కదలకే అన్నాను. ఇంటాదేటి? పచ్చి కుట్లతోటి, గోడట్టుకుని, మెట్టుకొకపాలి ఆగి, పైకెక్కినాది. రోజుకి ఎన్నిసార్లో. నాను ఎనకాల ఏడుత్తూ ఎక్కినాను. నలుగుర్ని కన్న నాను ఆ పని సెయ్యలేనే. ఇదిగో, నిన్న నీ చెల్లిని కనడం కల్లారా సూసినాను కదా. సూసినాను గనకే సెప్తన్నాను. నిన్ను కనడమే కట్టం."

నేను చిన్నదాన్ని మా ఆయన చేతికిచ్చేశాను, ఎందుకో నా చేతులు ఖాళీగా ఉండాలనిపించింది.

పెద్దది నా వైపు తిరిగింది. "నిజమేనా అమ్మా?"

"నిజమే. నిన్ను నానే కన్నాను," అన్నాను. నాలుగేళ్ళలో ఆ మాట దానితో చెప్పడం అదే మొదటిసారి.